62 ఏళ్ల వయసులో కత్తెర, జిగురు, రంగు కాగితాలు

ప్రశ్న:

నాకు 62 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగానికి మద్రాసు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పెరంబూరులో ఉంటాం. మనవరాలు మా దగ్గర ఉన్నన్నాళ్లు దానితో కూర్చుని కాగితపు పూలు, గ్రీటింగ్ కార్డులు చేసేవాణ్ని. అబ్బాయికి పుణె బదిలీ అయింది. పాప వెళ్లిపోయింది, కత్తెర మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వీడియోలు చూసి కాగితం ముక్కలు అతికించే కోలాజ్‌లు, సన్నని కాగితపు పట్టీలు చుట్టి చేసే క్విల్లింగ్, రంగులూ కాగితాలూ గుడ్డముక్కలూ కలిపి చేసే మిక్స్‌డ్ మీడియా బొమ్మలు చేస్తున్నాను. చక్కగానే వస్తాయి కానీ, పూర్తయ్యాక అవి నావి అనిపించవు. సామాను మీద 9,000 రూపాయలకు పైగా ఖర్చయింది. ఇల్లంతా చెత్త, డబ్బు దండగ అంటుంది మా ఆవిడ. పార్కులో నడకకు వచ్చే మిత్రులు ఈ వయసులో చిన్నపిల్లల ఆటలేమిటని నవ్వుతారు. అబ్బాయేమో ఆన్‌లైన్‌లో అమ్మమంటాడు. బీరువాలో మా అమ్మ రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట ఒకటి ఉంది. వాటితో ఏదైనా చేయాలని ఎంతో కోరిక. కత్తెర పట్టుకుంటే చేయి ఆడదు. పైగా వానల్లో చేసినవన్నీ ముడతలు పడి బూజు పట్టాయి. ఇందులో అర్థం ఉందా, లేక కాలక్షేపానికి పేరు పెట్టి నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నానా?

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

సమాధానం:

అన్నయ్యగారూ,

పార్కు మిత్రుల సంగతి ముందు చూద్దాం, తేలిగ్గా తేలిపోయేది అదే. వాళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో తంజావూరు పటం ఉండే ఉంటుంది. అది ఎలా తయారవుతుందో ఆయన్ను అడిగి చూడండి. చెక్క పలక మీద గుడ్డ అతికిస్తారు. దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత పూస్తారు. కిరీటం, నగలు, మండపం స్తంభాలు వచ్చేచోట అదే ముద్దతో ఉబ్బెత్తుగా పనిచేసి, రాళ్లు పొదిగి, పైన బంగారు రేకు అతికిస్తారు. రంగుల వంతు ఆ తర్వాతే. చెక్క, గుడ్డ, సుద్ద, గాజు, లోహం, రంగు అన్నీ కలిసిన ఆ పటానికి దండం పెట్టుకునే మనిషి, మీరు గుడ్డముక్క మీద కాగితం అతికిస్తే నవ్వుతున్నాడన్నమాట. ఇంకో ముచ్చట కూడా చెప్పండి. తంజావూరు, తిరుచ్చి వైపు ఈ పనిలో పేరు తెచ్చుకున్నవారు రాజులు, మధురై వైపు నాయుళ్లు. విజయనగర, నాయక పాలనల వెంట తెలుగు నేల నుంచి దక్షిణానికి తరలివెళ్లిన కుటుంబాలు అవి. తెలుగువాడు తమిళనాట కూర్చుని జిగురు పూయడం మీతో మొదలు కాలేదు.

వయసు మాటకొస్తే, ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 72వ ఏట ఈ పనిలో దిగింది. కాగితాలకు తానే రంగు వేసుకుని, సన్నని ముక్కలుగా కోసి, నల్లని కాగితం మీద ఒక్కో మొక్కనూ పువ్వు, ఆకు, ఈనెలతో సహా అతికించింది. చూపు మందగించేదాకా పదేళ్లపాటు అదే పని. వెయ్యికి కాస్త తక్కువగా లెక్కతేలిన ఆ మొక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన దేశంలో శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1950ల్లో కంటి ఆపరేషన్ వికటించి చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన కాగితాలు కత్తిరించి కోలాజ్‌లు చేశారు. గీసిన గీత వేలికి తెలియదు, కాగితం అంచు తెలుస్తుంది. ఈ సంగతి తెలిశాక నాకు కత్తెర మీద గౌరవం పెరిగింది. మీ మిత్రులకు ఇదంతా వివరించనక్కర్లేదు లెండి. పార్కులో రోజూ ఎవరో ఒకరిని చూసి నవ్వుకోవాలి, ఈ వారం మీ వంతు వచ్చింది.

అసలు కష్టం మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. పూర్తయ్యాక అవి నావి అనిపించవు అన్నారు. కోపగించుకోకండి, అవి నిజంగానే మీవి కావు. వీడియోలో ఎవరో ఆవిడ తన ఊళ్లో కూర్చుని గులాబీలు, లేసు, పాత యూరప్ తపాలా బిళ్లలు, ఈఫిల్ టవరు అతికించింది. మీరూ అవే స్టిక్కర్లు తెప్పించి, అదే వరుసలో అతికించారు. చూసి చేయడం తప్పని నేను అనను. శిష్యరికం అంటేనే అది. కత్తెరను కదపకుండా కాగితాన్ని తిప్పాలని, జిగురును మధ్యలోంచి అంచులకు పూయాలని, కాగితంలో నార నడిచే దిక్కున మడిస్తేనే అట్ట పగలకుండా మడుస్తుందని మీకు ఆ వీడియోలే నేర్పి ఉంటాయి. చేయి తిరిగింది. ఇప్పుడు సరుకు మారాలి.

మీ బీరువాలోనూ అటక మీదా ఏమున్నాయో ఊహించగలను, ఎందుకంటే లెక్కలు రాసినవాళ్లు ఏ కాగితాన్నీ పారేయరు. రెండు అంచులా చిల్లులు, ఆకుపచ్చ చారలు ఉండే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కాగితం. వాడేసిన కార్బన్ కాగితం, దానిలో వెనక్కి కనబడే అంకెలు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పద్దు పుస్తకంలో మిగిలిపోయిన ఖాళీ పేజీలు. బీమా రసీదులు. ముప్పై ఏళ్ల పెళ్లికార్డులు, నాలుగు మూలలా పసుపుతో. రోజుకొక కాగితం చింపే క్యాలెండరులో రాహుకాలం, యమగండంతో సహా మిగిలిన రోజులు. పెరంబూరు నుంచి బెసంట్ నగర్ దాకా వెళ్లే 29సి బస్సు పాత టిక్కెట్లు, ఆ పలచటి రంగు కాగితాలు. వాటికి తోడు పూలమూరకు కట్టి వచ్చే అరటినార, చీర నుంచి ఊడిన జరీ అంచు. (చీర అంచు మాత్రం వదినగారిని అడిగాకే తీయండి. కంపెనీ కాగితాల్లో ఎవరి జీతం వివరాలో, ఎవరి ఖాతా అంకెలో ఉంటే వాటి జోలికి అసలే వెళ్లకండి.)

ఇదంతా చెత్త అని ఎవరైనా అంటే నిజమే, చెత్తే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలోని హానోవర్‌లో కుర్ట్ ష్విట్టర్స్ అనే ఆయన ట్రాము టిక్కెట్లు, చాక్లెట్ కాగితాలు, చిరిగిన రశీదులు ఏరుకొచ్చి బొమ్మలు చేశాడు. ఒక బ్యాంకు ప్రకటన నుంచి చిరిగిన ముక్కలో మిగిలిన అక్షరాలు 'మెర్జ్' అని ఉన్నాయి. 1919 నుంచి తన పని మొత్తానికీ ఆ ముక్కనే పేరుగా పెట్టుకున్నాడు. లెక్కల కాగితాల మధ్య జీవితం గడిపిన మీకు ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది, 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ పూనికతో మొదలైంది. ఒక ఆదివారం వదినగారితో కలిసి వెళ్లిరండి. పణిక్కర్ 1963 నుంచి వేసిన 'మాటలు, చిహ్నాలు' అనే వరుస బొమ్మల్లో చదవబోతే చదవలేని లిపి ఉంటుంది. అంకెలుంటాయి, జాతకచక్రం లాంటి గళ్లుంటాయి, పట్టికలుంటాయి. కళ గురించి చదువుకున్నవాళ్లు ఆ బొమ్మల ముందు నిలబడి చాలా మాట్లాడతారు. లెజరులో ఏళ్ల తరబడి గళ్లూ అంకెలూ చూసిన మీ కళ్లు వాళ్లకంటే త్వరగా వాటిలో దారి పట్టుకుంటాయని నా నమ్మకం. ఒక పేజీలో బరువు ఏ పక్కకు ఉందో, ఏ గడి ఖాళీగా వదిలితే మిగతావి ఊపిరి పీలుస్తాయో మీకు తెలుసు. ఎవరూ మీకు దాన్ని కళ అని చెప్పలేదు, అంతే.

ఒక నెల ఇలా చేసి చూడండి. వీడియోలు బంద్. కొన్న సామాను మొత్తం అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించండి. పోస్టుకార్డు అంత అట్టముక్కలు కోసుకోండి, ఆరంగుళాలు బై నాలుగు. పెళ్లికార్డుల అట్ట దానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. పెద్ద బొమ్మకు పెద్ద భయం ఉంటుంది, చిన్నదానికి ఉండదు. అడుగున డాట్ మ్యాట్రిక్స్ కాగితం అతికించి, చల్లారిన కాఫీ డికాషన్‌తో ఒక పూత వేయండి. మద్రాసు ఇంట్లో దొరికే రంగుల్లో దానికి మించింది లేదు, పాత కాగితం రంగు అచ్చంగా వస్తుంది. ఆరాక దాని మీద ఇంకో కాగితం అతికించి, పూర్తిగా అంటుకోకముందే ఒక చోట చింపి లాగండి. కిందది బయటపడుతుంది. కోసిన అంచు ఒక మాట చెబుతుంది, చింపిన అంచు ఇంకో మాట చెబుతుంది. రెండూ కలిపి వాడండి. పలచగా కలిపిన తెల్లరంగును ఒక భాగం మీద పూసి, గుడ్డతో తుడవండి, అంకెలు మంచులోంచి కనబడినట్టు కనబడతాయి. సూదీదారం తీసుకుని రెండు కుట్లు వేయండి. ఎక్కడ ఆపాలో తెలియనప్పుడు ఆపేసి మర్నాడు చూడండి.

విషయం మాత్రం చిన్నదిగా, మీకు మాత్రమే తెలిసినదిగా ఉండాలి. 'జీవితం', 'ప్రకృతి' అని పెట్టుకుంటే మళ్లీ స్టిక్కర్ల దగ్గరికే వస్తారు. మార్చి 31 రాత్రి ఆఫీసులో లెక్కలు కుదరక కూర్చున్న గంట. నెల్లూరు నుంచి వచ్చిన రైలు దిగి సెంట్రల్ స్టేషను బయట మొదటిసారి నిలబడ్డ ఉదయం. అద్దె ఇంటి యజమాని రసీదు ఇచ్చే తీరు. రైలు బొమ్మ వేయాలని గానీ, స్టేషను గోపురం కనబడాలని గానీ లేదు. ఆ ఉదయానికి ఏ రంగు, ఏ కాగితం, ఎంత ఖాళీ అని చూసుకుంటే చాలు.

ఇక ఉత్తరాల కట్ట.

కత్తిరించకండి. ఇందులో నాకు రెండో మాట లేదు. మీ చేయి ఆడకపోవడం పిరికితనం అనుకోకండి. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం, అది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, ఆ కాగితానికి రెండో ప్రతి లేదు. ఇన్‌లాండ్ కాగితంలో చోటు అయిపోయాక అమ్మలు పక్క మడత మీద అడ్డంగా తిప్పి రాసే ఆ చివరి రెండు ముక్కలు ఉంటాయి చూడండి, చాలాసార్లు అసలు విషయం అక్కడే ఉంటుంది. కత్తెర ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి పోతుంది.

ముందు ఆ ఉత్తరాలన్నీ చదవండి. తేదీల వరుసలో, రోజుకు కొన్ని. మడతల దగ్గర కాగితం పలచబడి ఉంటుంది కాబట్టి మెల్లగా విప్పండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకు అది పచ్చబడి మరకవుతుంది. లామినేషన్ అసలొద్దు. విప్పినప్పుడే ఫోనుతో రెండు పక్కలా ఫొటోలు తీసిపెట్టుకోండి. అన్నీ చదివాక వాటితో ఏ బొమ్మా చేయాలనిపించకపోవచ్చు. అప్పుడు కట్ట మళ్లీ కట్టి బీరువాలో పెట్టేయండి, ఎవరికీ బాకీ లేదు.

చేయాలనిపిస్తే జిరాక్సు తీయించండి. వీధి చివరి కొట్టులో తీసేది టోనరు పొడితో కాబట్టి జిగురు తడికి చెదరదు. ఇంట్లో ఇంకు ప్రింటరుతో తీస్తే మాత్రం చాలావాటిలో అక్షరాలు ఊరిపోతాయి. అసలు ఉత్తరం ఫౌంటెన్ పెన్నుతో రాసిందైతే దానిమీద తడి చేయి కూడా పెట్టకండి. జిరాక్సులో ఒక సౌకర్యం ఉంది, ఒక్క మాటను రెండింతలు, నాలుగింతలు పెద్దది చేయించుకోవచ్చు. 'ఉభయకుశలోపరి' అన్న మాటను అరచేయంత చేసి చూడండి. మీ అమ్మగారు ఆ 'లో'నో 'ప'నో ఎలా తిప్పేవారో, ఎక్కడ కలం ఎత్తేవారో, ఎక్కడ తొందరపడ్డారో కనబడుతుంది.

ఇంకొక పద్ధతి ఉంది, కాస్త ఓపిక కావాలి. అట్ట మీద అక్రిలిక్ మీడియం అనే తెల్లటి జిగురు లాంటి పదార్థాన్ని పూసి, జిరాక్సును బోర్లా అతికించి, రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లారి వెనక నీళ్లు తడిపి వేలితో మెల్లగా రుద్దుతుంటే కాగితం పొరలు పొరలుగా ఊడిపోయి అక్షరాలు మాత్రం అట్ట మీద ఉండిపోతాయి. బోర్లా వేస్తాం కాబట్టి అక్షరాలు తిరగబడతాయి. కొట్టువాడితో ముందే అద్దంలో కనబడినట్టు తిప్పి తీయమని చెప్పండి. మొదటి రెండుమూడుసార్లు వేలితో గట్టిగా రుద్ది అక్షరాలు కూడా ఊడగొట్టేస్తారు, అందరికీ జరిగేదే. కాబట్టి ముందు ఏ బీమా రసీదు జిరాక్సుతోనో చేయి సాధన చేసుకోండి.

ఏ వాక్యం తీసుకోవాలన్నది మీ ఇష్టం, అయినా ఒక సలహా. 'బాబూ, నిన్ను చూడాలని ఉంది' లాంటివి వద్దు. వాటికి మీ సాయం అక్కర్లేదు, బొమ్మలో పెడితే బరువెక్కి కూలిపోతాయి. కందిపప్పు ధర పెరిగిందని, గేదె ఈనిందని, ఎదురింటివాళ్లు గోడ జరిపి కట్టారని రాసిన ముక్కలుంటాయే, అవి తీసుకోండి. ఒక పక్క మీరు ఆ రోజుల్లో అంబత్తూరులో రాస్తున్న పద్దుల పేజీ, ఒక పక్క ఊళ్లో ఆవిడ లెక్కగట్టిన పప్పు ధర. రెండు పద్దులూ ఒకే అట్ట మీద పక్కపక్కన పడితే ఏమవుతుందో నాకూ తెలియదు. మీరే చూడాలి.

మభ్యపెట్టుకుంటున్నానా అన్నారు. తల్లి చేతిరాతలో ఒక అక్షరం వంపును మధ్యాహ్నమంతా చూస్తూ కూర్చున్న మనిషిని ఆ మాట అనడం నాకు చేతకాదు. కాలక్షేపమే అనుకున్నా, కాలం ఎలాగూ గడుస్తుంది. పేకాటలో గడిపితే ఎవరూ అర్థం అడగరు, కాగితంతో గడిపితేనే ఎందుకు అడుగుతున్నారో మీ మిత్రుల్ని అడగాలి.

పాప గురించి మీరు రెండు వాక్యాలే రాశారు, నాకు మాత్రం మీ ఉత్తరమంతా దాని గురించే అనిపించింది. ఆ పోస్టుకార్డు బొమ్మల్లో ఒకదాన్ని సగమే చేసి పుణెకు పంపండి. మిగతా సగం పాప పూర్తిచేసి తిరిగి పంపాలని షరతు పెట్టండి. కవర్లో పెట్టి, పలచటి అట్ట ఆసరా పెట్టి, మామూలు తపాలాలోనే పంపండి. ఫోనులో ఫొటో పంపితే రెండు సెకన్లు చూసి పక్కకు తోసేస్తారు పిల్లలు. పాప మెరుపుల జిగురు పూసి, యూనికార్న్ స్టిక్కరు అతికించి, మీ కాఫీ రంగుల సొగసంతా పాడుచేసి పంపుతుంది. పంపనివ్వండి. తిట్టకండి.

ఇక వదినగారి పక్షాన రెండు మాటలు. డబ్బు విషయంలో ఆవిడ మాటే సరైనది. 9,000 రూపాయలు కాగితాల మీద తక్కువ ఖర్చేమీ కాదు. అందులో సగం ఆకులు, పూలు అచ్చుపోసి కోసే యంత్రానికో, దిగుమతి టేపులకో పోయి ఉంటుంది. ఆ యంత్రం కోసిన ఆకులన్నీ ఒకేలా ఉంటాయి, మీరు చేత్తో కోసిన ఆకులు అలా ఉండవు. దాన్ని మీ వీధిలో ఏ బడికైనా ఇచ్చేయండి, పిల్లలు సంబరపడతారు. కాగితం కావలసి వస్తే ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లండి. కాగితం వర్తకులు, పెళ్లికార్డుల కొట్లు వరసగా ఉంటాయి. షీట్ల లెక్కన విడిగా కొనుక్కోవచ్చు. పాతబడిన నమూనా కార్డులు ఉంటే ఇస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. ఆన్‌లైన్ కిట్టులో రంగు డబ్బాకు, పెట్టెకు, కొరియరుకు ఇచ్చే డబ్బుతో ఇక్కడ చాలా కాగితం వస్తుంది. నెలకు ఇంత అని ఒక పద్దు పెట్టుకుని, ఆ పుస్తకం వదినగారికి కనబడేచోట ఉంచండి.

చెత్త గురించి ఆవిడ అన్నదీ సగం నిజం. భోజనాల బల్ల మీద చేయకండి. ఒక ప్లైవుడ్ పలక తెచ్చుకుని పని మొత్తం దాని మీదే చేసి, లేచేటప్పుడు పలకతో సహా ఎత్తి బీరువా మీద పెట్టేయండి.

ఆవిడను ఒప్పించడానికి ఉపన్యాసాలు పనిచేయవు కానీ, ఒక ప్రశ్న పనిచేయవచ్చు. వాళ్ల అమ్మగారో అమ్మమ్మగారో పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, కుండ బోర్లించి దాని మీద మెత్తి బుట్టలు చేసేవారా అని అడగండి. మెంతి జిగురుగా పట్టుకుంటుంది, ఆ చేదుకు పురుగు పట్టదు. వెదురు చాటలకూ ఆ ముద్దే పూసేవారు. చాలా ఇళ్లలో ఆ బుట్టల్లో పప్పులు పోసుకునేవారు. అలా చేసినవాళ్లను ఈ వయసులో ఇదేమిటని ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉంటే ఇంకా మంచిది. కాగితపు గుజ్జు బొమ్మలు నవరాత్రులప్పుడు మైలాపూరు మాడవీధుల్లో అమ్ముతారు. మెట్ల కింద వేసే ఊరు, చెరువు, రైలు, గుడి మీ చేతికి అప్పగించమని అడగండి. ఆ పది రోజులూ పేరంటాళ్లు వచ్చి మెచ్చుకుంటే ఆ మెప్పు వదినగారి ఖాతాలో పడుతుంది, ఆ తర్వాత ఇంట్లో కాగితాల గొడవ కొంత తగ్గుతుంది.

వానల సంగతి. మద్రాసులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలోనే నీళ్లుంటాయి, కాగితం ఆ తేమ పీల్చుకుంటుంది. ముడతలకు ముఖ్య కారణం మాత్రం జిగురులో నీళ్లు. తడి తగిలితే కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోయి అట్టను తనవైపు లాగుతుంది. ఫెవికాల్‌లో నీళ్లు తక్కువ కలిపి, పలచని పొరగా బ్రష్షుతో పూయండి. అతికించాక పైన ప్లాస్టిక్ షీటు వేసి బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. అట్ట వెనక కూడా అదే రకం కాగితం ఒకటి అతికిస్తే రెండు పక్కల లాగుడూ సరిపోయి అట్ట వంగదు; పుస్తకాలు బైండు చేసేవాళ్ల పద్ధతి ఇది. మైదా గంజి వానాకాలంలో వద్దు, బూజుకూ పురుగుకూ అది విందు భోజనం. పాతకాలం బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేవారు కానీ అది విషం, పాప వచ్చిపోయే ఇంట్లో అలాంటివి పెట్టుకోకండి. ఆ మూడు నెలలూ అతికించే పని ఆపి పొడిపనులు చేసుకోవచ్చు. కాగితాలు రంగుల వారీగా సర్దుకోవడం, కోయడం, మడవడం, మిగిలిన పేజీలతో చిన్న నోటుపుస్తకం కుట్టుకోవడం.

బూజు పట్టినవాటిని బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్షుతో దులపండి. లోపలికి పాకినవాటిని వదిలేయండి, పక్కనున్నవాటికి అంటుకుంటుంది. ఫ్రేము కట్టిస్తే గాజుకూ బొమ్మకూ మధ్య కొంచెం ఎడం ఉండేలా మౌంటు వేయించండి, బయటి గోడకు తగిలించకండి. ఏటీఎం చీటీలు, యంత్రం నుంచి వచ్చే కొత్త రకం టిక్కెట్లు వాడాలంటే ముందు జిరాక్సు తీసుకోండి, అవి వేడితో అచ్చయ్యే కాగితాలు కాబట్టి కొన్నాళ్లకు వెలిసిపోతాయి.

చివరగా అమ్మకం. మీ అబ్బాయి మంచి మనసుతోనే అని ఉంటాడు, ఈ తరానికి ఏదైనా బాగుంది అనడానికి అదే మాట. చోళమండలం కళాకారులు దీన్ని ఎలా పరిష్కరించుకున్నారో చెబుతాను. మైనంతో అద్దకం వేసే బాతిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బు పోగుచేసి ఆ నేల కొనుక్కున్నారు. చేతిపనులు పొట్ట నింపాయి, బొమ్మలు మాత్రం కొనేవాడి ముఖం చూడకుండా వేసుకున్నారు. మీకు పొట్ట గడవవలసిన అవసరం లేదు కాబట్టి మీరు ఆ మొదటి సగం కూడా పెట్టుకోనక్కర్లేదు. ఆర్డర్లు వస్తే వాళ్లు అడిగేది మళ్లీ గులాబీలే, 'హ్యాపీ బర్త్‌డే' అట్టలే. ఇంకో ఏడాది దాకా ఆ ఊసు వద్దని అబ్బాయికి చెప్పండి. ఎవరైనా మీ బొమ్మ ముందు నిలబడి కదలకపోతే ఊరికే ఇచ్చేయండి. వాళ్లు మొహమాటపడి డబ్బు ఇవ్వబోతే అట్ట, కాగితం, ఫ్రేము ఖర్చు తీసుకోండి. అమ్మ ఉత్తరం అక్షరాలున్నవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అడిగినవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా.